కీళ్ల నొప్పికి ఆస్పిరిన్: మోతాదు, సావాసం

అందరికీ నమస్కారం. ఎక్కువసేపు కూర్చుంటే మోకాళ్లు పట్టేసేవాళ్లు మధ్యలో లేచి నాలుగడుగులు వేయండి. నేనేమీ అనుకోను. కీళ్ల నొప్పులున్నవాళ్లని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టడం నాకే ఇష్టం లేదు. రమ్మన్నప్పుడే చెప్పాను, వేసుకుంటున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తెచ్చుకోండని. తెచ్చినవాళ్లు ఆ సంచి ఒళ్లో పెట్టుకోండి. దానితో పని ఉంది.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మకి రెండు మోకాళ్లూ అరిగాయి. అంతకు ముందే గుండెకి స్టెంట్ వేశారు కాబట్టి రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకునేది. ఒకసారి నేను ఇంటికి వెళ్లేసరికి టీవీ మోత మోగిపోతోంది. "ఎందుకమ్మా అంత సౌండు?" అంటే, "చెవుల్లో కీచురాళ్లు కూస్తున్నట్టుంది, మాట సరిగ్గా వినపడట్లేదు" అంది. వయసు మీద పడింది కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ కీచురాళ్ల మాట గుచ్చుకుంది. ఆమె మందుల డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించాను.

నాలుగు స్ట్రిప్పులు బయటపడ్డాయి. ఒకటి గుండెకి వేసుకునే చిన్న ఆస్పిరిన్. రెండోది 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, ఎప్పుడో ఎవరో రాసిచ్చిన పాత చీటీ చూపించి తెప్పించుకుంటోంది. మూడోది తలనొప్పి మాత్ర, పేరు వేరు, రంగు వేరు, వెనకాల సన్నటి అక్షరాల్లో చూస్తే అందులోనూ ఆస్పిరినే. నాలుగోది ఇంకో డాక్టరు మోకాళ్లకి రాసిన వేరే పెయిన్ కిల్లర్. "ఇవన్నీ వేరువేరు మందులు కదా, గుండెది గుండెకి, కాళ్లది కాళ్లకి" అంది అమ్మ. లెక్కేస్తే ఒక్క ఆస్పిరినే రోజుకి మూడు గ్రాములు దాటింది. పది రోజులుగా విరేచనం నల్లగా అవుతోందని కూడా అప్పుడే చెప్పింది. అంతకు ముందు ఐరన్ మాత్రలు వేసుకున్నప్పుడు అలాగే అయ్యేది, ఇప్పుడూ అంతేలే అనుకుందట. ఐరన్ మాత్రలు మానేసి మూడు నెలలైంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. కడుపులో పుండు నుంచి రక్తం పోతోంది. సమయానికి చూశాం కాబట్టి కోలుకుంది. చెవుల హోరు కూడా ఆస్పిరిన్ తగ్గించిన కొద్ది రోజులకే పోయింది.

అమ్మ చేసిన తప్పేమీ లేదు. ఎవరు రాసింది వాళ్లు రాశారు. మొత్తం కలిపి ఒక్కరూ చూడలేదు. అందుకే ఈ మాట పట్టుకుని తిరుగుతున్నాను. ఆస్పిరిన్ గురించి మీరు రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి మోతాదు. రెండోది సావాసం, అంటే అది మీ ఒంట్లో ఏ ఏ మందులతో, ఏ ఏ జబ్బులతో కలిసి తిరుగుతోందో.

ఇది పాత మందే. విల్లో అనే చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు ఇంగ్లండులో 1763లో రాసి పంపాడు. ఆ బెరడులోంచి తీసిన పదార్థాన్ని 1876లో థామస్ మెక్లాగన్ అనే డాక్టరు కీళ్లు వాచి జ్వరం వచ్చే జబ్బుకి వాడి ఫలితం చూశాడు. అంటే కీళ్లకీ ఈ మందుకీ చుట్టరికం ఈనాటిది కాదు. అయితే ఆ పాత మందు కడుపుని బాగా మండించేది. 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దాన్ని కొంచెం మార్చి తయారుచేశాడు. 1899లో ఆస్పిరిన్ అనే పేరు పెట్టారు. విచిత్రం ఏమిటంటే, అది ఎలా పనిచేస్తుందో తెలియడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పైగా పట్టింది. 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త ఆ గుట్టు విప్పాడు. 1982లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

ఆ గుట్టు అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ మీకే తోస్తాయి, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతుంటాయి. కీలు దెబ్బతిన్న చోట అవి పోగైతే వాపు, మంట, నొప్పి. ఆస్పిరిన్ వాటి తయారీని ఆపుతుంది, నొప్పి తగ్గుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అవే పదార్థాలు కడుపులో లోపలి పొరని ఆమ్లం తినేయకుండా కాపాడుతుంటాయి. మూత్రపిండాలకి రక్తం సరిగ్గా అందేలా చూస్తుంటాయి. ఆస్పిరిన్‌కి మోకాలేది, కడుపేది అని తేడా తెలియదు. అన్నిచోట్లా ఆపేస్తుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలు అన్నది ఇలాంటివి చూసే అయ్యుంటుంది.

ఇంకోటి. రక్తం గడ్డకట్టడానికి ప్లేట్‌లెట్లు అనే కణాలు కావాలి. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ మళ్లీ కోలుకోదు. అది బతికే ఏడు నుంచి పది రోజులూ మొద్దుబారే ఉంటుంది. మిగతా పెయిన్ కిల్లర్ల ప్రభావం మందు దిగిపోగానే పోతుంది, ఆస్పిరిన్‌ది అలా కాదు. అందుకే గుండెలో గడ్డ కట్టకుండా ఉండటానికి అంత చిన్న మాత్ర సరిపోతుంది, అందుకే రక్తస్రావం భయం కూడా.

ఇప్పుడు మోతాదు. గుండెకి ఇచ్చేది సాధారణంగా 75 నుంచి 100 మిల్లీగ్రాములు. దీనితో కీళ్ల నొప్పి తగ్గదు. "రోజూ ఆస్పిరిన్ వేసుకుంటూనే ఉన్నానండీ, అయినా మోకాళ్లు తగ్గట్లేదు" అనేవాళ్లు నాకు వారానికి ఒకరైనా కనిపిస్తారు. వాళ్లు వేసుకునేది మోకాళ్ల మందు కాదు. నొప్పి తగ్గాలంటే పెద్దవాళ్లకి ఒకసారికి 325 నుంచి 650 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో వేస్తారు. రోజు మొత్తం మీద 4 గ్రాములు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. అదీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల లెక్క. అరవై దాటినవాళ్లకి, మూత్రపిండాలు మందగించినవాళ్లకి అంత వరకు పోనే పోకూడదు.

నొప్పి తగ్గడం వేరు, కీలులో వాపు దిగడం వేరు. వాపు దిగాలంటే రోజుకి మూడు గ్రాములు, అంతకన్నా ఎక్కువ కావాలి. ఒకప్పుడు రుమటాయిడ్ జబ్బుకి, అంటే కీళ్లు వాచి లోపల ఎముకని కొరికేసే జబ్బుకి, అంతంత వేసేవాళ్లు. చెవుల్లో హోరు మొదలయ్యేదాకా పెంచి, అక్కడ్నించి కొంచెం తగ్గించేవాళ్లు. అంటే మందు పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య సందు అంత ఇరుకు. దానికి కారణం ఉంది. చిన్న మోతాదులో ఆస్పిరిన్ మిగిల్చే సాలిసిలేట్‌ని మన కాలేయం తేలిగ్గా వదిలించుకుంటుంది, రెండు మూడు గంటల్లో సగానికి దిగిపోతుంది. మోతాదు పెరిగేకొద్దీ కాలేయం చేతులెత్తేస్తుంది. అప్పుడు సగానికి దిగడానికి పదిహేను నుంచి ముప్పై గంటలు పట్టొచ్చు. కాబట్టి "నొప్పి తగ్గలేదు, ఇంకొక్కటి వేసుకుందాం" అన్నప్పుడు ఒంట్లో పెరిగేది ఒక మాత్రంత కాదు, చాలా ఎక్కువ. నిన్నటిది ఇంకా అక్కడే ఉంటుంది.

దీన్నిబట్టి మీకే తెలిసి ఉంటుంది, ఈ రోజుల్లో కీళ్ల నొప్పికి మేం ముందుగా ఆస్పిరిన్ ఎందుకు రాయమో. దానికన్నా తేలికైన దారులు వచ్చాయి. మోకాళ్ల అరుగుదలైతే ముందు పైపూత జెల్. డైక్లోఫెనాక్ లాంటి జెల్ మోకాలికి, చేతివేళ్లకి బాగా పనిచేస్తుంది, కడుపు మీద భారం చాలా తక్కువ. తొడ కండరాలు బలపడే వ్యాయామం, బరువు ఉంటే తగ్గడం, ఇవి మాత్రలకన్నా ఎక్కువ కాలం కాపాడతాయి. ఈ మాట విసుగ్గా ఉంటుందని తెలుసు, అయినా మళ్లీ మళ్లీ చెప్తూనే ఉంటాను.

రుమటాయిడ్ సంగతి వేరు. పొద్దున్నే లేవగానే వేళ్లు ముడుచుకోవు, గంట దాటినా బిగుసుకునే ఉంటాయి, రెండు చేతులూ ఒకేలా వాస్తాయి. ఇక్కడ ఆస్పిరిన్‌తో నాకున్న భయం పుండు ఒక్కటే కాదు. నొప్పి అణిగిపోతుంది, మనిషి డాక్టరు దగ్గరికి రాడు, లోపల జబ్బు ఎముకని కొరికేస్తూనే ఉంటుంది. ఆస్పిరిన్ ఆ కొరకడాన్ని ఆపదు. మెథోట్రెక్సేట్ లాంటి మందులు ఆపగలవు, అదీ ఎంత ముందుగా మొదలుపెడితే అంత మంచిది. వేళ్లు వంకర తిరిగాక వచ్చినవాళ్లని చూసినప్పుడు, ఆర్నెల్ల ముందు వచ్చి ఉంటే బావుండేది కదా అని కడుపు తరుక్కుపోతుంది.

గౌట్ ఉన్నవాళ్లు, అంటే బొటనవేలు మంటలా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనివాళ్లు, నొప్పికి ఆస్పిరిన్ జోలికే పోవద్దు. చిన్న మోతాదుల్లో అది గౌట్‌కి కారణమయ్యే యూరిక్ ఆసిడ్‌ని బయటికి పోనివ్వదు. అలాగని గుండెకి వేసుకుంటున్నది మీ అంతట మీరు ఆపకండి. గుండె డాక్టరుకి, గౌట్ చూసే డాక్టరుకి ఇద్దరికీ చెప్పండి.

సరే, ఇప్పుడు సంచులు తీయండి. ఒక్కో స్ట్రిప్ వెనక తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. ఆస్పిరిన్ అని, లేదా అసిటైల్ సాలిసిలిక్ ఆసిడ్ అని ఉందేమో చూడండి. రెండూ ఒకటే. రెండు స్ట్రిప్పుల మీద కనిపించినవాళ్లు చెయ్యెత్తండి... ఇటువైపు ముగ్గురు, వెనకాల ఇద్దరు. అయ్యాక మీరు ఐదుగురూ నన్ను తప్పకుండా కలవండి, వెళ్లిపోవద్దు.

ఇప్పుడు సావాసం చూడండి. ఐబుప్రొఫెన్ ఉందా? ఇది గమనించాల్సిన జోడీ. ఐబుప్రొఫెన్ ముందు వెళ్లి కూర్చుంటే గుండె ఆస్పిరిన్‌కి పని చేసే చోటు దొరకదు. మీరు వేసుకున్నట్టే ఉంటుంది, గుండెకి కాపు మాత్రం ఉండదు. డాక్టరు రెండూ అవసరమని చెప్తే, పూత లేని మామూలు ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తర్వాతే ఐబుప్రొఫెన్. లేదా ఐబుప్రొఫెన్ వేసుకుని ఎనిమిది గంటలు దాటాక ఆస్పిరిన్. పూత ఉన్న ఆస్పిరిన్‌కి ఈ లెక్క కుదరదు, అది ఎప్పుడు కరుగుతుందో చెప్పలేం. ఇక నొప్పికి ఆస్పిరిన్, దాని మీద ఇంకో పెయిన్ కిల్లర్, రెండూ కలిపి వేసుకోవడం అనేది అసలు వద్దు. నొప్పి రెట్టింపు తగ్గదు, పుండు మాత్రం త్వరగా పడుతుంది.

వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు, దిగులుకి వాడే కొన్ని మాత్రలు, ఇవన్నీ ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మద్యం కూడా అంతే. రుమటాయిడ్‌కి మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లలో పెద్ద మోతాదు ఆస్పిరిన్ ఆ మందుని ఒంట్లోంచి పోనివ్వదు, అది పేరుకుంటే ప్రమాదం. బీపీ మాత్రల్లో కొన్ని రకాలు, నీరు పోయే మాత్ర, వీటికి పెయిన్ కిల్లర్ తోడైతే మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో ఇంకా త్వరగా. నొప్పుల బామ్‌ల సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తున్నా. ఘాటుగా వాసన వచ్చే వాటిలో చాలావాటిలో మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. అది ఆస్పిరిన్ చుట్టమే. వార్ఫరిన్ వేసుకునేవాళ్లు దాన్ని రోజూ ఒళ్లంతా దట్టంగా రాసి కట్టు కడితే చర్మంలోంచి లోపలికి వెళ్లి రక్తం ఇంకా పలచబడుతుంది.

అసలు వేసుకోకూడనివాళ్లు కొందరున్నారు. ఇదివరకు కడుపులో పుండు పడి రక్తం పోయినవాళ్లు, మూత్రపిండాల జబ్బు ముదిరినవాళ్లు, పెయిన్ కిల్లర్ వేసుకుంటే ఆయాసం వచ్చే ఆస్తమావాళ్లు, ముఖ్యంగా ముక్కులో కండ కూడా పెరిగి ఉంటే. గర్భిణులు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో వద్దే వద్దు. మీరు వాడే మాత్ర ఇంట్లో పిల్లలకి జ్వరమని ఇవ్వకండి. పదహారేళ్ల లోపు వాళ్లలో మెదడుని, కాలేయాన్ని దెబ్బతీసే రేయ్స్ సిండ్రోమ్ అనే జబ్బు రావచ్చు. అది అరుదే, కానీ ప్రాణం తీసేది.

డాక్టరు మీ సంగతంతా చూసి ఆస్పిరిన్ వేసుకోవచ్చన్నారనుకోండి. పరగడుపున వద్దు, ఏదైనా తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో, కూర్చుని వేసుకోండి. వేసుకోగానే పడుకోవద్దు. పూత ఉన్న మాత్రని నూరొద్దు, నమలొద్దు. పూత ఉంది కదా, కడుపుకి ఏమీ కాదని మాత్రం అనుకోకండి. పూత వల్ల మంట తగ్గొచ్చు గానీ, మందు రక్తంలో కలిశాక కడుపు పొరకి కాపలా తీసేసే పని అది చేస్తూనే ఉంటుంది. గ్యాస్ మాత్ర వేసుకుంటే పైపేగు దాకా మంచి రక్షణే, కిందిపేగులకి, మూత్రపిండాలకి అది అడ్డు పడదు. స్ట్రిప్ లేకుండా విడిగా డబ్బాలో పోసుకున్న ఆస్పిరిన్ అయితే ఒకసారి మూత తీసి వాసన చూడండి. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే తేమ తగిలి మందు విరిగిపోయిందన్నమాట. పారేయండి. డాక్టరు సలహా లేకుండా నొప్పికి పది రోజులు దాటి వాడొద్దు.

విరేచనం తారులా నల్లగా, జిగటగా అయినా, వాంతి కాఫీ పొడి రంగులో అయినా తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి వెళ్లండి. చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం, ఊపిరి వేగం పెరగడం, మాట తడబడటం, ఇవి మందు ఎక్కువైన గుర్తులు. పెద్దవాళ్లలో ఇవి వయసు లాగే కనిపిస్తాయి, అదే ఇబ్బంది. మా అమ్మ కీచురాళ్ల సంగతి గుర్తుంచుకోండి. కాళ్లు నీరు పట్టినా, మూత్రం తగ్గినా కూడా చెప్పాలి.

అడగండమ్మా.

(ఒక మహిళ: డాక్టరుగారూ, గుండె మాత్ర 75 కదా, నాలుగు వేసుకుంటే 300 అవుతుంది, అది నొప్పికి సరిపోదా?)

కూడిక సరిగ్గానే ఉందమ్మా. కానీ ఒక్కసారికి నాలుగు వేసుకుని ఊరుకోరు కదా, సాయంత్రం మళ్లీ నాలుగు, రాత్రికి నాలుగు. అప్పుడు నొప్పి మోతాదులో ఉండే ముప్పులన్నీ వచ్చేస్తాయి. పైగా నెలకి తెచ్చుకున్న గుండె మాత్రలు మూడు రోజుల్లో అయిపోతే, మిగతా నెలంతా గుండెకి దిక్కుండదు. వద్దమ్మా. నొప్పికి వేరే మందు అడగండి.

(ఒక పెద్దాయన: వచ్చే వారం పన్ను తీయించుకోవాలండీ. ఆస్పిరిన్ ఇవాళ్టి నుంచే ఆపేస్తున్నా.)

గుండెకి వేసుకునేదా బాబాయిగారూ? అయితే ఆపకండి. స్టెంట్ ఉన్నవాళ్లు హఠాత్తుగా ఆపితే అందులో గడ్డ కట్టొచ్చు. పన్ను దగ్గర రక్తం వస్తే నొక్కి పట్టి ఆపగలరు, గుండెలో గడ్డ కడితే అంత తేలిక కాదు. మామూలుగా పన్ను తీయడానికి చిన్న ఆస్పిరిన్ ఆపక్కర్లేదంటారు. మీ పళ్ల డాక్టరుకి ముందే చెప్పండి, గుండె డాక్టరుని ఒక మాట అడగండి. అదే నొప్పికి పెద్ద మోతాదు వేసుకుంటుంటే, ఏ ఆపరేషన్‌కైనా పది రోజుల ముందే డాక్టరుకి తెలియాలి. ప్లేట్‌లెట్లు కొత్తవి రావడానికి అంత సమయం పడుతుందని ఇందాక చెప్పుకున్నాం.

ఇంకెవరైనా ఉంటే ఇక్కడ బల్ల దగ్గరికి రండి. నేను కూర్చునే ఉంటాను. చెయ్యెత్తిన ఐదుగురూ ముందు రండి. సంచి తెరిచి అన్నీ బల్ల మీద పోయండి, పాతవీ, పేరు తెలియనివీ, పొరుగువాళ్లిచ్చినవీ, అన్నీ. ఒక కాగితం మీద కలిపి రాసుకుందాం.